హెక్టార్లు లెక్కపెట్టిన సాయం

శ్రోతలకు నమస్కారం.

గ్లైఫోసేట్ అంటే మన పత్తి రైతులకు వేరే పరిచయం అక్కర్లేదు. గడ్డి మందు. గాలికి నాలుగు చుక్కలు పక్క చేనులో పడితే చాలు, పెద్దమనుషుల దగ్గర పంచాయితీ. ఆ మందునే విమానాల్లో నింపుకుని, అడవి అంచు పల్లెల మీద ఇరవై ఏళ్ల పాటు చల్లించిన దేశం ఒకటుంది. దక్షిణ అమెరికాలోని కొలంబియా. ఖర్చులో పెద్ద భాగం అమెరికా భరించింది.

చల్లింది కోకా తోటల మీద. గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల కింద వేసే కోకో వేరు, ఇది వేరు. కోకో నుంచి చాక్లెట్ వస్తుంది, కోకా ఆకు నుంచి కొకైన్ వస్తుంది.

1999లో అప్పటి కొలంబియా అధ్యక్షుడు ఆంద్రేస్ పాస్ట్రానా ఒక ప్రణాళికతో సాయం అడిగాడు. మొదట ఆయన మనసులో ఉన్నది వెనకబడిన పల్లెలకు రోడ్లు, బడులు, పొలం పనులు. ఆ కాగితం వాషింగ్టన్ వెళ్లి తిరిగొచ్చేసరికి అందులో హెలికాప్టర్లు ముందుకొచ్చాయి, రోడ్లు వెనక్కి వెళ్లాయి. 2000 జులైలో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన మొదటి ప్యాకేజీ, పొరుగు దేశాల వాటాతో కలిపి, 130 కోట్ల డాలర్లు. 2015 నాటికి అది దాదాపు 1000 కోట్ల డాలర్లకు చేరింది. తొలి ఏళ్లలో చాలా భాగం సైన్యానికి, పోలీసులకే పోయింది. హెలికాప్టర్లు అమెరికావి, మందు చల్లే పని చూసిన కాంట్రాక్టు కంపెనీ కూడా అమెరికాదే. ఇచ్చిన చెయ్యే కొంత వెనక్కి పుచ్చుకుందన్నమాట.

డబ్బిచ్చినవాడు లెక్క అడుగుతాడు, తప్పు లేదు. ఏం లెక్క అడిగాడన్నదే ప్రశ్న. ఈ ఏడు ఎన్ని హెక్టార్లలో మందు చల్లారు, ఎన్ని తోటలు పీకారు, ఎన్ని టన్నులు పట్టుకున్నారు? ఇవన్నీ ఏడాది తిరిగేసరికి చూపించగలిగే అంకెలు. పుటుమాయో ప్రాంతంలో ఒక రైతు అరటి గెల అమ్ముకోవడానికి ఎంత దూరం నడుస్తున్నాడన్నది ఆ పట్టికలో లేదు.

ఆ రైతు లెక్క చూద్దాం. కోకా నాటిన ఏడాది లోపే ఆకు చేతికొస్తుంది. తర్వాత ఏటా నాలుగైదు కోతలు. ఆకును అక్కడే ముద్దగా మారిస్తే బస్తాల బరువు కాస్తా ఒక సంచిలో ఇమిడిపోతుంది. కొనేవాడు ఇంటి ముందుకే వస్తాడు. అదే మొక్కజొన్న వేస్తే కంచర గాడిద మీద, తర్వాత పడవ మీద, బురద దారిలో సంతకు చేరాలి. కిరాయికే సగం పోతుంది. ఇందులో అత్యాశ ఏముంది? రోడ్డు లేదు, అంతే.

అందుకే విమానం వచ్చి వెళ్లగానే ఆకు దూసేసి మొక్కను బతికించుకున్నారు. కొందరు ఆకుల మీద బెల్లప్పాకం చల్లి మందు అంటకుండా చేశారట! పెద్ద తోటలు పోయి అడవి చాటున చిన్న చిన్న మడులు వచ్చాయి. మందు మాత్రం పక్కనున్న అరటి మీదా, కర్రపెండలం మీదా పడింది. సరిహద్దు దాటి తమ పొలాల మీద పడిందని ఈక్వెడార్ 2008లో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 2013లో కొలంబియా కోటిన్నర డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. ఈ మందు క్యాన్సర్ కారకం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 2015లో చెప్పాక విమానాలు ఆగాయి.

న్యాయంగా చెప్పాలంటే ఆ సాయం పూర్తిగా వృథా కాలేదు. ప్రభుత్వంతో పోరాడుతున్న గెరిల్లాలు బలహీనపడ్డారు, కిడ్నాపులు తగ్గాయి, జనం హైవేల మీద మళ్లీ తిరగగలిగారు. 2016లో వాళ్లలో ముఖ్యమైన ఫార్క్ దళాలతో శాంతి ఒప్పందం కూడా కుదిరింది. కానీ అంకెలు చూపించాలన్న ఒత్తిడి ఎంత దూరం వెళ్తుందో అదే దేశం చూసింది. 2002 నుంచి 2008 దాకా కనీసం 6,402 మంది అమాయకులను సైనికులు చంపి, యుద్ధంలో చచ్చిన గెరిల్లాలుగా చూపించారని అక్కడి శాంతి న్యాయస్థానం తేల్చింది.

ఇక కోకా సంగతి. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో 2000లో 1,63,000 హెక్టార్లు. 2012లో 48,000. అందరూ భుజాలు తట్టుకున్నారు. 2023కి 2,53,000. శాంతి ఒప్పందం తర్వాత దాదాపు లక్ష కుటుంబాలు కోకా మానేస్తామని సంతకాలు పెట్టి, ఎక్కువమంది మాట ప్రకారం మొక్కలు పీకేశారు. ప్రత్యామ్నాయ పంటకు రావాల్సిన సాయం మాత్రం చాలామందికి ఏళ్ల తరబడి అందలేదు. మాదకద్రవ్యాల అదుపులో కొలంబియా తన బాధ్యత నిలబెట్టుకోలేదని 2025 సెప్టెంబరులో అమెరికా ప్రకటించింది. దాదాపు మూడు దశాబ్దాల్లో ఆ మాట అనడం అదే మొదటిసారి.

థాయ్‌లాండ్ కథ వేరు. ఉత్తర కొండల్లో నల్లమందు మానిపించే రాయల్ ప్రాజెక్ట్ 1969లో మొదలైంది. విదేశీ సాయం అక్కడికీ వచ్చింది. ముందు రోడ్డు, బడి, ఆసుపత్రి, కొత్త పంటకు కొనుగోలుదారు. గసగసాల తోటలు నరకడం ఆ తర్వాత. అన్నీ కుదరడానికి సుమారు ముప్ఫై ఏళ్లు పట్టింది. ఏ దాత దేశపు ప్రభుత్వం అన్నాళ్లు ఓపిక పడుతుంది చెప్పండి?

పాడేరు, చింతపల్లి వైపు వెళ్లినవారికి ఇదంతా తెలిసిన కథలాగే ఉంటుంది. అక్కడ విదేశీ డబ్బు లేదు, గంజాయి ఉంది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు వేల ఎకరాల్లో తోటలు నరికించారు. సాగు చాలావరకు ఒడిశా వైపు, కోరాపుట్, మల్కన్‌గిరి కొండల్లోకి జరిగింది. ఇటువైపు గిరిజన రైతులకు సిల్వర్ ఓక్, కాఫీ మొక్కలు ఇస్తున్నారు. కాఫీ మొదటి కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. గంజాయి ఆరేడు నెలల పంట, కొనేవాడు ముందే అడ్వాన్స్ ఇచ్చి పోతాడు.