ఆ గడి ఖాళీగా వదలకండి

వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లో ఉన్న నర్సింగ్ విద్యార్థులకు, వెనక నిలబడ్డ రోగుల బంధువులకు నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చదివితే నా టైమంతా అక్కడే అయిపోతుంది, ఏమీ అనుకోకండి.

కడుపు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత తీవ్రమైన సమస్యలు ఎవరికి, ఎందుకు వస్తాయో చెప్పమన్నారు. తీవ్రం అంటే ఎంత? దానికి 2004 నుంచి సర్జన్లు క్లేవియన్-డిండో అనే కొలత వాడుతున్నారు. యాంటీబయాటిక్‌తో తగ్గిపోతే రెండో మెట్టే. పొట్టలోకి గొట్టం వేసి చీము తీయాల్సి వచ్చినా, మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళినా మూడు. అవయవాలు దెబ్బతిని ఐసీయూకి చేరితే నాలుగు. ఐదు ఏమిటో చెప్పక్కర్లేదు. మూడు, ఆ పైన ఉన్నవే మన లెక్కలో తీవ్రమైనవి.

కారణాలు మీకు తెలిసినవే: పైబడిన వయసు, గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీల జబ్బులు, షుగర్, పొగ తాగడం, పొట్టలో పేరుకున్న కొవ్వు. కడుపు మొత్తం తీసేస్తే, కొంత భాగం తీసినప్పటి కంటే ప్రమాదం ఎక్కువ. పక్క అవయవాలు కూడా తీస్తే ఇంకా ఎక్కువ. 1990లలో బ్రిటన్, నెదర్లాండ్స్‌లో లింఫు గ్రంథులను విస్తారంగా తీసిన ఆపరేషన్ల తర్వాత మరణాలు పెరిగాయి. ప్లీహాన్ని (స్ప్లీన్), క్లోమం (పాంక్రియాస్) తోకను కూడా కలిపి తీయడం అందుకు పెద్ద కారణమని తర్వాత అర్థమైంది. ఇప్పుడు అవసరం లేనిదే వాటి జోలికి పోరు.

ఇంకా స్లైడ్లున్నాయి గానీ, అవి ఆపేస్తాను. నా బాధ వేరే ఉంది.

కేస్ షీట్‌లో బరువు అని ఒక గడి ఉంటుంది. మా బావగారిని ఆపరేషన్‌కి చేర్పించినప్పుడు అందులో ఏం రాశారో తెలుసా? ఆయన నోటితో చెప్పిన అంకె, ఎప్పటిదో పాత బరువు. త్రాసు వార్డులోనే ఉంది, ఎవరూ ఎక్కించలేదు. కొన్ని నెలలుగా ఆయన గంజి తప్ప ఏదీ మింగలేకపోతున్నారు. కాళ్ళకు వాపు వచ్చి ఒళ్ళు నిండుగా కనిపిస్తుంటే "బాగానే ఉన్నారుగా" అన్నారు. ముప్పై ఏళ్ళు సర్జరీ వార్డులో నర్సుగా చేసినదాన్ని, నేను అడిగినా "రేపు ఆపరేషనే కదా, ఇప్పుడెందుకమ్మా" అని సమాధానం. వారం తిరక్కుండానే కుట్టు దగ్గర లీకైంది. బతికారు. కానీ తర్వాత ఇవ్వాల్సిన కీమో అలా వెనక్కి వెనక్కి పోయింది.

కడుపు మొత్తం తీసేశాక అన్నవాహికను పేగుకు కలిపిన చోట కొత్త కణజాలం పుట్టాలి. ఒంట్లో ప్రోటీన్ లేకపోతే అది దేంతో పుడుతుంది? సర్జన్ చెయ్యి ఎంత మంచిదైనా అక్కడ ఆగిపోవాల్సిందే. ఆరు నెలల్లో పది శాతానికి మించి బరువు తగ్గినవాళ్ళకు, రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ డెసిలీటరుకు మూడు గ్రాముల లోపుకి పడిపోయినవాళ్ళకు ఏడు నుంచి పద్నాలుగు రోజులు పోషణ ఇచ్చి, ఆ తర్వాతే పెద్ద ఆపరేషన్ చేయమని యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆపరేషన్ వాయిదా పడినా సరే. తినలేకపోతే గొట్టం ద్వారా ఇస్తారు. రక్తస్రావమో, పూర్తి అడ్డంకో ఉంటే ఆగే వీలుండదు, ఆ సంగతి డాక్టరు తేల్చాలి.

వెనక ఉన్నవాళ్ళూ, మీకే చెబుతున్నాను. "గడ్డ రేపే తీసేయండి" అని డాక్టర్ మీద పడకండి. ఆ రెండు వారాలు వృథా కాదు, అది కూడా వైద్యమే. బరువు చూశారా అని అడగండి. ఆల్బుమిన్ ఎంతో అడగండి. సిగరెట్ ఉంటే తేదీ ఖాయమయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే మాన్పించండి.

చీటీ పంపారు, టైమ్ అయిందట. ఒక్క మాట చెప్పి దిగిపోతాను. ఆపరేషన్ తర్వాత జ్వరం లేకపోయినా నాడి వేగం పెరుగుతూ పోతుంటే అది లీక్‌కి మొదటి గుర్తు కావచ్చు. అర్ధరాత్రయినా సిస్టర్‌ని లేపండి, డ్యూటీ డాక్టర్‌ని పిలవమనండి. విసుక్కుంటే విసుక్కోనీండి.