పిల్ల తప్పా, బాణం తప్పా?

(విజయవాడలో జాతీయ క్రీడా దినోత్సవం నాడు, విలువిద్య నేర్చుకునే పిల్లల తల్లిదండ్రుల ముందు ఒక కోచ్ చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎండలో ఓపిగ్గా కూర్చున్న తల్లిదండ్రులకు, నా పిల్లలకు నమస్కారం. ధ్యాన్‌చంద్ గారి గురించి ముందు మాట్లాడినవాళ్లు చక్కగా చెప్పారు. నన్ను కార్బన్ బాణాలు ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు.

షాపులో మీకు మూడు అంకెలు చూపిస్తారు. షాఫ్ట్, అంటే బాణం కర్ర, అంగుళానికి ఎన్ని గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే చాలా చిన్న తూకం) బరువో ఒకటి. షాఫ్ట్ ఎంత తిన్నగా ఉందో ఇంకొకటి: వంకర 0.006, 0.003, 0.001 అంగుళం. ఈ అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. మూడోది స్పైన్, అంటే షాఫ్ట్ ఎంత వంగుతుందో చెప్పే అంకె. మీరంతా రెండో అంకె దగ్గరే ఆగిపోతున్నారు.

షాఫ్టును 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పెట్టి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం కుంగితే స్పైన్ 500. అంగుళం కుంగితే 1000. అంటే అంకె చిన్నదైతే షాఫ్ట్ బిరుసు. నారి వదలగానే బాణం వంగి, లేచి, మళ్లీ వంగి విల్లును తప్పించుకుని పోవాలి. మరీ బిరుసుదైతే వంగదు. కుడిచేతి వాటం పిల్లలకు ఎడమకు పడుతుంది.

ఒక పిల్ల సంగతి చెప్పాలి. పదమూడేళ్లది, నారి లాగడానికి 26 పౌండ్ల బలం పట్టే విల్లు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. చీటీ పాడి డజను షాఫ్టులు తెచ్చాడు. 0.001 రకం, షాపులో అన్నిటికన్నా ఖరీదైనవి. స్పైన్ 400. ఆ పిల్లకు కావలసింది 1000 దగ్గర. నేను ఆయన మొహంలో సంతోషం చూశాను గానీ షాఫ్ట్ మీది అంకె చూడలేదు. బాణాలన్నీ ఎడమకే. "వేళ్లు బిగపడుతున్నావమ్మా, సరిగ్గా వదలడం లేదు" అని ఆరు నెలలు ఆ పిల్లనే అన్నాను. ఇంటికెళ్లి అద్దం ముందు ఉత్త చేత్తో సాధన చేసేదట. చివరికి మానేసింది. వాళ్ల నాన్న బాణాలు తెచ్చి, "ఎవరికైనా ఇవ్వండి సార్, మా అమ్మాయికి చేతకాలేదు" అన్నాడు. అప్పుడు చూశాను ఆ 400.

అమ్మా, మీ పిల్లల బాణాలు ఒకే పక్కకు పడుతుంటే ముందు పిల్లను అనకండి. నన్నూ అననివ్వకండి.

మన విలుకాళ్లలో జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది, బొమ్మదేవర ధీరజ్ పారిస్ ఒలింపిక్స్‌లో ఆడాడు. అప్పట్నుంచి అందరికీ పెద్దవాళ్ల బాణాలే కావాలి. సురేఖది కాంపౌండ్, అంటే కప్పీలున్న విల్లు, 50 మీటర్లు. ధీరజ్‌ది రికర్వ్, అంటే కొసలు ముందుకు వంగిన విల్లు, 70 మీటర్లు. ఆ దూరానికి వాడే ఎక్స్‌10 లాంటి షాఫ్టులకు లోపల సన్నటి అల్యూమినియం గొట్టం, పైన కార్బన్, నడుమ లావు, చివర్లు సన్నం. 20 మీటర్లు వేసే పిల్లకు అవెందుకు? స్పైన్ కుదిరిన 0.006 షాఫ్ట్ చాలు. పొడవు కొంచెం ఎక్కువే ఉంచండి, పిల్లలు ఎదుగుతారు. కోస్తే షాఫ్ట్ ఇంకా బిరుసెక్కుతుంది.

ఇంకొక్క మాట, టైమైపోయిందని సైగ చేస్తున్నారు గానీ ఇది చెప్పకుండా దిగను. టార్గెట్ నుంచి తీసిన ప్రతి బాణాన్నీ చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచండి. చిటపటమందా, విరిచి పారేయండి. పగుళ్లున్న షాఫ్ట్ వదిలేటప్పుడు ముక్కలై చేతిలో దిగుతుంది. ఆ కార్బన్ నారలు ఎక్స్‌రేలో సరిగ్గా కనబడవు.

చెట్టు కింద స్పైన్ కొలవడానికి ఆధారాలు, బరువు పెట్టించాను. బాణాలు తెచ్చినవాళ్లు అక్కడికి రండి. ఈకలు లేని షాఫ్ట్ ఒకటి తెచ్చుకుంటే అదీ వేయించి స్పైన్ కుదిరిందో లేదో చూద్దాం.