ఎలాగూ ఊడిపోయే పళ్లే కదా!

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఆర్కే బీచ్ మానుకుని పళ్ల డాక్టరు మాట వినడానికి ఇంతమంది వచ్చారంటే, ఈ మధ్య మీ ఇళ్లలో ఎవరో ఒకరు పంటినొప్పితో రాత్రంతా ఏడ్చారన్నమాట.

నన్ను అందరూ అడిగే ప్రశ్నతోనే మొదలుపెడతాను. "పాలపళ్లేగా డాక్టరు గారూ, ఎలాగూ ఊడిపోయేవే. వాటికి వైద్యమెందుకండీ?" ముందుపళ్లు ఆరేడేళ్లకే కదిలి ఊడతాయి, నిజమే. వెనక దవడ పళ్లు అలా కాదు, పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. పుచ్చిందని ఐదో ఏటే పీకించేస్తే పక్కపళ్లు ఆ ఖాళీలోకి ఒరిగిపోతాయి. కింద నుంచి రావాల్సిన పన్నుకి చోటు మిగలదు. అప్పుడు వంకర పళ్లకి క్లిప్పులంటూ మళ్లీ నా దగ్గరికే వస్తారు.

ఆమధ్య గాజువాక నుంచి ఒకావిడ ఏడేళ్ల బాబుని తీసుకొచ్చారు. "పాలపన్ను పుచ్చింది, పీకేయండి" అన్నారు. అద్దం చేతికిచ్చి, ముందు మధ్య పన్ను నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరోదాని దగ్గర వేలు ఆగింది. పుచ్చింది అదే. అది పాలపన్ను కాదమ్మా, జీవితాంతం ఉండాల్సిన పన్ను అన్నాను. "అక్కడ పన్నేమీ ఊడలేదు కదండీ, ఇదెప్పుడొచ్చింది?" అన్నారావిడ. చిక్కంతా అక్కడే. ఆరో ఏటి దవడ పన్ను ఏదీ ఊడకుండానే పాలపళ్ల వెనక చడీచప్పుడు లేకుండా మొలుస్తుంది. దానిమీద గాడులు లోతుగా ఉంటాయి, తిన్నది అందులోనే ఇరుక్కుంటుంది. పుచ్చకముందే తీసుకొస్తే ఆ గాడుల్ని సీలెంట్ అనే పూతతో పూడ్చేయొచ్చు. ఈ రాత్రే మీ పిల్లల నోట్లో టార్చి వేసి లెక్కపెట్టండి.

తీపి మానిపించాలా అంటారు. భోజనంతో పాటు తిన్న బొబ్బట్టు కంటే గంటసేపు చప్పరించే లాలీపాప్ చేటు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోవడం ఇంకా చేటు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలు పై ముందుపళ్ల చుట్టూ నిలవుంటాయి. అందుకే పొద్దున్న ఒక పూట తప్పినా తప్పనివ్వండి గానీ రాత్రి బ్రష్ తప్పనివ్వకండి.

పేస్టు ప్రకటనల్లో చూపించినంత వద్దు. మూడేళ్లలోపు బియ్యపుగింజంత, ఆపైన ఆరేళ్ల దాకా బఠాణీగింజంత. ఫ్లోరైడ్ అనగానే నల్గొండ గుర్తొచ్చి భయపడుతున్నారు. అక్కడి కష్టం తాగేనీళ్లలో మోతాదు మించడం వల్ల వచ్చింది. 1000 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు ఫ్లోరైడ్ ఉన్న పేస్టు ఇంత కొంచెం వాడితే ఆ భయం అక్కర్లేదు.

"అల్లరి చేస్తే డాక్టరుతో సూది వేయిస్తా" అని మాత్రం అనకండి, దండం పెడతాను. ఆ మాట విన్న పిల్లాడు నా దగ్గర నోరు తెరవడు.

క్రికెట్ ఆడుతూ దెబ్బ తగిలి శాశ్వత పన్ను ఊడొస్తే వేరు ముట్టుకోకండి. తెల్లటి భాగం పట్టుకుని, మట్టి ఉంటే ఒక్కసారి కడిగి, గ్లాసెడు పాలలో వేసి అరగంటలో రండి, తిరిగి పెట్టడానికి ప్రయత్నిస్తాం. పాలపన్నయితే తిరిగి పెట్టం. పిల్లాణ్ణి మాత్రం తీసుకురండి, కింద ఎదిగే పన్నుకి దెబ్బ తగిలిందేమో చూడాలి. ఊడిన పన్నంటారా, మన పెద్దవాళ్లలాగే ఇంటి కప్పు మీదకి విసిరేసుకోండి. అపార్ట్‌మెంటులో ఐదంతస్తుల పైకి ఎలా విసరాలని మాత్రం నన్నడక్కండి.