ఊరు కాని ఊళ్లో కనిపించే మామూలు సంతోషం

కోపెన్‌హాగన్‌లో ఒక కాఫీ షాపు. బయట చలి. అద్దాల తలుపు పక్కన, గోడకి ఆనించి ఒక స్ట్రోలర్ పెట్టి ఉంది. అందులో దుప్పట్ల మధ్య ఒక పసిబిడ్డ నిద్రపోతోంది. పక్కన ఎవరూ లేరు. తల్లి లోపల కూర్చుని స్నేహితురాలితో మాట్లాడుకుంటూ కాఫీ తాగుతోంది.

మొదటిసారి అది చూసినప్పుడు నాకు కాళ్లు కదల్లేదు. ఎవరికైనా చెప్పాలా, ఏం చెయ్యాలి అని అటూ ఇటూ చూశాను. దారిన పోయేవాళ్లలో ఒక్కరు కూడా ఆ బండి వైపు వింతగా చూడటం లేదు. కాసేపటికి అర్థమైంది, అక్కడ అది రోజూ జరిగేదే అని. చల్లగాలిలో పిల్లలు బాగా నిద్రపోతారని డెన్మార్క్ వాళ్లు నమ్ముతారు. అందుకని బిడ్డని బయట పడుకోబెట్టి లోపలికి వెళ్తారు.

ఇదే పని ఇంకో ఊళ్లో చేస్తే ఏమవుతుందో 1997లో తెలిసొచ్చింది. డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక తల్లి, న్యూయార్క్‌లో ఒక రెస్టారెంటు బయట పద్నాలుగు నెలల బిడ్డని స్ట్రోలర్‌లో ఉంచి, లోపల కిటికీ పక్కన కూర్చుంది. ఎవరో పోలీసులకి ఫోన్ చేశారు. ఆమెని అరెస్టు చేశారు. బిడ్డని తీసుకెళ్లి కొన్ని రోజులు వేరేవాళ్ల సంరక్షణలో పెట్టారు. తర్వాత కేసు నిలవలేదు. రెండు దేశాల పత్రికల్లోనూ దాని మీద పెద్ద చర్చ జరిగింది.

తల్లి అదే పని చేసింది. బిడ్డ మీద ప్రేమా అదే. మారింది ఊరొక్కటే.

ఈ వీడియోలో నేను మాట్లాడాలనుకున్నది దీని గురించే. సంతోషం మన లోపలే ఉంటుందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. అందులో నిజం ఉంది, కాదనను. కానీ నాలుగు దేశాలు తిరిగి చూశాక నాకు ఇంకో సంగతి బలంగా కనిపించింది. ముక్కూ మొహం తెలియని మనిషిని మనం ఎంత నిశ్చింతగా నమ్మగలమో, మన రోజు అంత తేలిగ్గా గడుస్తుంది.

ఫిన్లాండ్ సంగతి చూడండి. ప్రపంచ సంతోష నివేదికలో ఆ దేశం 2018 నుంచి 2025 వరకు వరుసగా ఎనిమిదేళ్లు మొదటి స్థానంలో ఉంది. అది చదివి హెల్సింకీలో దిగినవాళ్లకి మొదటి రోజు నిరాశే. ట్రామ్‌లో అందరూ మౌనంగా కూర్చుంటారు. ఎవరూ పలకరించరు, పక్క సీటు ఖాళీగా ఉన్నా దూరంగానే కూర్చుంటారు. డిసెంబరు చివర్లో అయితే పగటి వెలుగు ఆరు గంటలు కూడా ఉండదు. ఇదా ప్రపంచంలోకెల్లా సంతోషంగా ఉన్న దేశం అని అడగాలనిపిస్తుంది.

అసలు ఆ నివేదికలో కొలిచేది ఏమిటో తెలిస్తే ఆ చిక్కు విడిపోతుంది. ఒక్కో దేశంలో ఏడాదికి సుమారు వెయ్యి మందిని ఒక ప్రశ్న అడుగుతారు. ఒక నిచ్చెన ఊహించుకోండి, అడుగున 0, పైన 10. మీరు ఊహించగలిగిన అన్నిటికన్నా మంచి జీవితం 10, అన్నిటికన్నా అధ్వాన్నమైనది 0. ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారు? అంతే. నిన్న ఎన్నిసార్లు నవ్వారు అన్నది ఈ ర్యాంకులోకి రాదు. దాన్ని సర్వేలు చేసే గాలప్ సంస్థ విడిగా అడుగుతుంది. నిన్న బాగా నవ్వారా, మిమ్మల్ని గౌరవంగా చూశారా, విశ్రాంతి దొరికిందా అని. ఆ ప్రశ్నల్లో ముందుండేవి ఎక్కువగా లాటిన్ అమెరికా దేశాలు. పరాగ్వే చాలాసార్లు అన్నిటికన్నా పైన నిలిచింది. నిచ్చెన ప్రశ్నలో కూడా 2025లో కోస్టారికా ఆరో స్థానానికి, మెక్సికో పదో స్థానానికి వచ్చాయి.

అంటే నవ్వే దేశం వేరు, నిశ్చింతగా ఉండే దేశం వేరు. రెండూ సంతోషమే. హెల్సింకీ ట్రామ్‌లో మౌనంగా కూర్చున్న మనిషి మొహంలో నవ్వు లేకపోవచ్చు, కానీ రేపు ఉద్యోగం పోతే ఏంటి, ఒంట్లో బాగోకపోతే ఏంటి అన్న టెన్షన్ కూడా అంతగా లేదు. అది ఫోటోలో పడదు. అందుకే మనం దాన్ని గమనించకుండానే విమానం ఎక్కేస్తాం.

ఈ నమ్మకాన్ని కొలిచిన పరిశోధన ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 2019లో ప్రచురించారు. నలభై దేశాల్లో 355 నగరాలు, పదిహేడు వేలకి పైగా పర్సులు. పరిశోధన బృందం వాళ్లు బ్యాంకులకి, పోస్టాఫీసులకి, హోటళ్లకి, మ్యూజియాలకి వెళ్లి, ఇది రోడ్డు మీద దొరికింది, మీరే చూసుకోండి అని కౌంటర్లో ఇచ్చి వెళ్లిపోయారు. లోపల ఒక తాళం చెవి, కొనాల్సిన సరుకుల చీటీ, ఈమెయిల్ చిరునామా ఉన్న కార్డులు. కొన్నిట్లో డబ్బుంది, కొన్నిట్లో లేదు. ఎంతమంది ఆ చిరునామాకి రాస్తారు?

డబ్బున్న పర్సు తిరిగి రాదనే మనం అనుకుంటాం. జరిగింది తలకిందులు. డబ్బు లేని పర్సుల విషయంలో 40 శాతం మంది రాస్తే, డబ్బున్నవాటి విషయంలో 51 శాతం మంది రాశారు. నలభై దేశాల్లో 38 దేశాల్లో ఇదే తీరు. మూడు దేశాల్లో డబ్బు ఇంకా ఎక్కువ పెట్టి చూశారు. అప్పుడు 72 శాతం! డబ్బు పెరిగేకొద్దీ, ఇది ఉంచుకుంటే నేను దొంగనవుతాను అన్న భావన బలపడింది.

2025 సంతోష నివేదిక దీన్నే ఇంకో వైపు నుంచి చూసింది. మీ పర్సు పోతే తిరిగొస్తుందా అని జనాన్ని అడిగి, నిజంగా తిరిగొచ్చిన లెక్కతో పోల్చారు. జనం అనుకున్నదానికి దాదాపు రెట్టింపు పర్సులు తిరిగొచ్చాయి. పక్కవాడు మనం అనుకుంటున్నంత చెడ్డవాడు కాదన్నమాట. మనం ఒక భయాన్ని మోస్తూ తిరుగుతున్నాం, ఆ భయానికి తగినంత కారణం లేదు. నాకు ఇది చదివినప్పుడు నిజంగా కళ్లు చెమర్చాయి.

మరి ఇదంతా ఫిన్లాండ్ లాంటి దేశాల వాళ్ల రక్తంలో ఉందా? పుట్టుకతో వచ్చేదా? దీనికి 2018 నివేదికలో జవాబుంది. ఆ ఏడాది వలస వెళ్లినవాళ్ల సంతోషాన్ని కూడా లెక్కగట్టారు, 117 దేశాల్లో. బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల నిచ్చెన మెట్టు, అక్కడే పుట్టినవాళ్ల మెట్టుకి చాలా దగ్గరగా ఉంది. ఫిన్లాండ్ రెండు జాబితాల్లోనూ మొదటిదే. రక్తంలో ఉండేదైతే ఇలా జరగదు. ఒక ఊరు తన రోజుని ఎలా అమర్చుకుందో, అందులోకి వచ్చి చేరినవాళ్లకీ అది అందుతుంది.

ఆ అమరిక చిన్న చిన్న చోట్ల కనిపిస్తుంది. హెల్సింకీ పార్లమెంటు భవనానికి ఎదురుగా ఊడి అని ఒక లైబ్రరీ ఉంది, 2018 డిసెంబరులో తెరిచారు. పుస్తకాలతో పాటు కుట్టు మిషన్లు, త్రీడీ ప్రింటర్లు, పాటలు రికార్డు చేసుకునే గదులు ఉన్నాయి. చలికాలం సాయంత్రం ఎవరైనా లోపలికి వెళ్లి ఎంతసేపైనా కూర్చోవచ్చు. నీకు ఇక్కడేం పని అని ఎవరూ అడగరు. దేశంలో అంత ముఖ్యమైన స్థలాన్ని అందరూ ఉచితంగా కూర్చునే చోటుగా ఇచ్చేశారంటే, ఆ నిర్ణయానికి నేను చేతులెత్తి దండం పెడతాను.

జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. మొదటిసారి వెళ్లినవాళ్లకి చిరాకే. నీళ్ల సీసా కొనాలన్నా రైల్వే స్టేషన్ దాకా వెళ్లాలి. ఆదివారం విశ్రాంతి రోజు అన్నది అక్కడ రాజ్యాంగంలోనే ఉంది. 1919 నాటి రాజ్యాంగంలో రాసిన మాటని 1949లో అలాగే కొత్తదాంట్లోకి తీసుకున్నారు. మధ్యాహ్నానికి పార్కులు నిండిపోతాయి. ఒక్కడికే సెలవు ఇస్తే ఇంట్లో కూర్చుంటాడు. అందరికీ ఒకేసారి ఇస్తే కలుసుకుంటారు.

ఇటలీ సాయంత్రాల గురించి మాత్రం కొంచెం నెమ్మదిగా చెప్తాను, తొందరపడటం నాకిష్టం లేదు. పస్సెజ్జాతా అంటారు. రాత్రి భోజనానికి ముందు ఊరంతా పెద్ద వీధిలోకి వచ్చి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడుస్తారు. ఎక్కడికీ వెళ్లరు, ఊరికే నడవడమే. నేను ఒక చిన్న ఊళ్లో చౌకు దగ్గర బల్ల మీద కూర్చుని చూశాను. ఒక ముసలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్య చేయి పట్టుకుని నా ముందు నుంచి నాలుగుసార్లు వెళ్లాడు. ప్రతిసారీ అవే మొహాలు ఎదురవుతాయి, ప్రతిసారీ మళ్లీ పలకరించుకుంటారు. పిల్లలు కాళ్ల సందుల్లోంచి పరిగెడుతున్నారు. నాలుగోసారి వచ్చేటప్పుడు ఆయన నాక్కూడా తల ఊపాడు. నేను ఆ ఊరివాణ్ణి కాదని ఆయనకి తెలుసు. అయినా గంటసేపు అక్కడ కూర్చున్నాను కాబట్టి నాకూ ఆ సాయంత్రంలో వాటా ఉందనుకున్నాడేమో. ఆ రోజు పొద్దున నేను చూసిన చర్చి పేరు ఇప్పుడు గుర్తు లేదు. ఆ తల ఊపడం గుర్తుంది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పరాయి ఊళ్లో మనకి కలిగే సంతోషమంతా ఆ ఊరిది కాదు. అక్కడ మనకి ఆఫీసు లేదు, బిల్లులు లేవు, ఇంట్లో గొడవల్లేవు. జపాన్ వెళ్లొచ్చినవాళ్లు స్వర్గం చూసినట్టు చెప్తారు. రైళ్లు నిమిషం తప్పవు, మరిచిపోయిన గొడుగు కూడా భద్రంగా దొరుకుతుంది. అంతా నిజమే. కానీ 2025 నివేదికలో జపాన్ 55వ స్థానంలో ఉంది. పని ఒత్తిడితో చనిపోవడానికి వాళ్ల భాషలో కరోషి అని విడిగా ఒక మాటే ఉంది. చూడ్డానికి వెళ్లినవాడి రోజు వేరు, అక్కడ ఉద్యోగం చేసేవాడి రోజు వేరు.

తిరిగొచ్చాక ఆ సంతోషం నిలుస్తుందా అంటే, 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు 1530 మందిని పరిశీలించారు. ప్రయాణానికి ముందు, ఎదురుచూసే రోజుల్లో, వెళ్లబోయేవాళ్లు మిగతావాళ్లకన్నా సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక చూస్తే, వెళ్లినవాళ్లకీ వెళ్లనివాళ్లకీ చాలావరకు తేడా లేదు. ప్రయాణం చాలా ప్రశాంతంగా గడిచిందన్న కొద్దిమందిలో మాత్రం కాస్త మిగిలింది, అదీ కొన్ని వారాలే. అందుకే రోజుకి ఆరు చోట్లు తిరిగే ప్యాకేజీలంటే నాకు జాలి వేస్తుంది. అలిసిపోయి రావడానికి అంత దూరం వెళ్లాలా?

నా వరకు నాకు నిలిచింది ఇంకోటి. పరాయి ఊళ్లో మనకి దారి తెలియదు, భాష రాదు, టికెట్ మిషన్ ఎక్కడ నొక్కాలో తెలియదు. కాబట్టి అడగాల్సిందే. అడుగుతాం కాబట్టి సాయం అందుతుంది. సాయం అందుతుంది కాబట్టి, మనుషులు ఎంత మంచివాళ్లో అనుకుంటూ తిరిగొస్తాం. మన ఊళ్లోనూ మనుషులు ఇలాగే ఉంటారేమో. కానీ మనకి అన్నీ తెలుసు, ఎవరినీ ఏదీ అడగం. చేతిలో ఫోన్ ఉంది, మ్యాప్ ఉంది. ఆ మంచితనం బయటికి వచ్చే అవకాశమే మనం ఇవ్వడం లేదు.

జిలియన్ శాండ్‌స్ట్రోమ్, ఎలిజబెత్ డన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కెనడాలో ఒక కాఫీ షాపు దగ్గర దీన్ని పరీక్షించి 2014లో ప్రచురించారు. సగం మందిని, మాటలు పెట్టుకోకుండా చకచకా కాఫీ కొనుక్కుని రమ్మన్నారు. మిగతా సగం మందిని, కౌంటర్లో ఉన్న మనిషి కళ్లలోకి చూసి నవ్వి రెండు మాటలు మాట్లాడమన్నారు. మాట్లాడినవాళ్లు ఎక్కువ సంతోషంగా బయటికొచ్చారు. రెండు మాటలకే అంత తేడా. నెదర్లాండ్స్‌లో జంబో అనే సూపర్‌మార్కెట్ 2019లో ఒక ఊళ్లో తొందర లేనివాళ్ల కోసం విడిగా ఒక బిల్లింగ్ కౌంటర్ పెట్టింది. దాని పేరు క్లెట్స్‌కాసా, అంటే కబుర్ల కౌంటర్. అక్కడ నింపాదిగా మాట్లాడుకుంటూ బిల్లు కట్టొచ్చు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి అది బాగా నచ్చింది. 2021లో ఇలాంటివి 200 చోట్ల పెడతామని ప్రకటించారు.

మీరు ఈసారి ఎక్కడికైనా వెళ్తే ఒక్క సాయంత్రం ఖాళీగా ఉంచుకోండి. ఆఫీసులు వదిలే వేళకి ఒక బస్టాపు దగ్గరో, స్కూలు గేటు దగ్గరో, పార్కులోనో కూర్చోండి. పిల్లలు ఒంటరిగా ఇంటికి వెళ్తున్నారా, ముసలివాళ్లు రోడ్డు దాటుతుంటే బళ్లు ఆగుతున్నాయా, సంచి బల్ల మీద వదిలేసి ఎవరైనా లేచి వెళ్తున్నారా చూడండి. దీనికి టికెట్ అక్కర్లేదు, గైడూ అక్కర్లేదు.

నేను తిరిగొచ్చినప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. తెలియని వీధికి వెళ్లినప్పుడు ఫోన్ జేబులోనే ఉంచి ఎవరినో ఒకరిని దారి అడుగుతాను. మొన్న ఒక పెద్దావిడని అడిగితే, చెప్పడం కష్టం గానీ రా బాబూ అని మలుపు దాకా నాతోపాటే నడిచింది. దారంతా వాళ్ల మనవడి సంగతులు చెప్పింది. మలుపు దగ్గర ఆగి చెయ్యెత్తి చూపించింది, అదుగో, ఆ నీలం గేటు.