‘మా రోగి బాగున్నాడు’ అంటే సరిపోతుందా?

(ప్రపంచ హృదయ దినోత్సవం సందర్భంగా హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఒక విశ్రాంత వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ వేళప్పుడు ట్రాఫిక్‌ను దాటుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘గుండె జాగ్రత్తలు’. ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి, పొగ మానండి, బీపీ, షుగరు చూపించుకోండి. ఈ మాటలన్నీ నిజం, మీకు తెలిసినవే. వాటిని ఇక్కడితో ఆపి, గుండె జబ్బుల గురించి డాక్టర్లు తమలో తాము పడే వాదనల సంగతి చెప్పడానికి మీ అనుమతి కోరుతున్నాను. అవి మా సభల్లో జరుగుతాయి. ఫలితం అనుభవించేది మీరు.

ఇలాంటి వాదన మన ఊరికి కొత్త కాదు. మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి కట్టకముందు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1908 వరద దాన్ని మింగేసింది. ఆ రోజుల్లో ఇక్కడ ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ఉండేవారు. క్లోరోఫారం మత్తులో రోగి చనిపోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్నది అప్పటి పెద్ద తగాదా. నాడి పట్టుకుని కూర్చోవాలని లండన్ డాక్టర్లు అనేవారు. నాడితో పని లేదు, ఊపిరి చూస్తే చాలు అని లారీ పట్టు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అండతో 1888లో ఒక కమిషన్, 1889లో రెండోది ఇక్కడే కూర్చున్నాయి. రెండోసారి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అంత దూరం నుంచి వచ్చారు. వందల కుక్కల మీద పరీక్షలు చేసి, ముందు ఆగేది ఊపిరే అని తేల్చారు.

లారీ నిజాయితీపరుడే. ఆయన చేతిలో రోగులు బాగానే ఉండేవారు, ఎందుకంటే ఆయన ఊపిరిని అంత శ్రద్ధగా కనిపెట్టేవారు. ఆ మంచి ఫలితాన్నే తన సిద్ధాంతానికి సాక్ష్యంగా పెట్టుకున్నారు. 1911లో లెవీ అనే ఆయన పిల్లుల మీద పరీక్షించి, మత్తు తేలికగా ఉన్నప్పుడు కూడా గుండె కింది గదులు ఒక్కసారిగా వణికి ఆగిపోవచ్చని చూపించాడు. ఊపిరి చూడడమూ అవసరమే, కానీ గుండెకు భయం లేదన్న మాట తప్పు. ‘నా రోగులు బాగున్నారు కదా’ అన్న వాక్యం అప్పటి నుంచీ మా వృత్తిలో తిరుగుతూనే ఉంది.

ఇంకొకటి చెప్పి తీరాలి. ఛాతీ నొప్పికి ఒకప్పుడు రొమ్ము ఎముక వెనక పోయే ధమనిని ముడి వేసేవారు. అప్పుడు గుండెకు ఎక్కువ రక్తం మళ్లుతుందని నమ్మకం. నొప్పి తగ్గిందని రోగులే చెప్పేవారు. 1959లో సియాటిల్‌లో కాబ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 17 మందిని తీసుకుని కొందరికి ముడి వేశారు, మిగిలినవారికి చర్మం మాత్రం కోసి కుట్టేశారు. ఎవరికి ఏది చేశారో రోగులకు తెలియదు. రెండు వైపులా నొప్పి ఒకేలా తగ్గింది! ఆ ఆపరేషన్ అక్కడితో మూలపడింది. పదిహేడు మందే, అయినా ఎంత ధైర్యమైన పరీక్షో ఆలోచించండి.

ఇప్పుడు స్టెంట్ల సంగతి, అంటే సన్నబడిన రక్తనాళాన్ని తెరిచి ఉంచడానికి లోపల పెట్టే చిన్న వల గొట్టాల సంగతి. నడిచినప్పుడు మాత్రమే నొప్పి వచ్చి, ఆగితే తగ్గే రోగుల గురించి మాట్లాడుతున్నాను. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ చెబుతాను. అలాంటి 2,287 మంది మీద చేసిన కరేజ్ అధ్యయనం 2007లో వచ్చింది. మంచి మందులకు స్టెంటు కూడా కలిపితే మరణాలు, గుండెపోట్లు తగ్గలేదు. ఆ మరుసటి ఏడాది నగరంలో జరిగిన ఒక సమావేశంలో లేచి దాని గురించి అడిగాను. “అక్కడి రోగులు వేరు, మన రోగులు వేరు. మా రోగులు బాగున్నారు” అన్నారు వేదిక మీది పెద్దాయన. సభ నవ్వింది. నేను కూర్చున్నాను. ఆ కూర్చోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది, ఎందుకంటే రెండేళ్లకు మళ్లీ అలాగే కూర్చున్నాను.

మా బావగారు బస్సు కండక్టరుగా రిటైరయ్యారు. మెట్లెక్కితే గుండె పట్టేసినట్టు ఉండేది, కాసేపు నిలబడితే తగ్గేది. యాంజియోగ్రాం, అంటే గుండె రక్తనాళాలను ఎక్స్‌రే తెరమీద చూసే పరీక్ష, చేస్తూ మధ్యలో అక్కను లోపలికి పిలిచి, తెరమీద సన్నబడిన చోటు చూపించి, “ఎప్పుడేం జరుగుతుందో చెప్పలేం, ఇప్పుడే నిర్ణయం చెప్పండి” అన్నారట. అక్క ఫోను చేసింది. “తమ్ముడూ, ఏం చేయమంటావు?” నాకు అన్నీ తెలుసు. తోటి డాక్టరును కాదనడం ఎందుకని, “వాళ్లు చెప్పినట్టే చేయించక్కా” అన్నాను. రెండు స్టెంట్లు వేశారు. అక్క గాజులు తాకట్టులోకి వెళ్లాయి. నొప్పి నిజంగానే తగ్గింది, బావగారు సంతోషించారు. “పైపు బాగైంది, ఇంక మాత్రలెందుకు?” అని కొన్నాళ్లకు మందులన్నీ ఆపేశారు. స్టెంటు ఆ ఒక్క చోటుకే. గుండెపోటు చాలాసార్లు అంతగా సన్నబడని చోట, లోపలి కొవ్వుపొర పగిలి గడ్డకట్టడం వల్ల వస్తుంది. దాన్ని ఆపడానికే ఆ మాత్రలు. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ అంటే నేను కూడా. ఏడాదిన్నర తర్వాత ఒక తెల్లవారుజామున ఆసుపత్రికి చేరేలోపే పోయారు.

క్షమించండి, నీళ్లు తాగుతాను.

నిర్వాహకులు చీటీ పంపారు, అయిదు నిమిషాలే ఉన్నాయట. మిగతాది తొందరగా చెబుతాను. 2017లో బ్రిటన్‌లో ఆర్బిటా పరీక్షలో 200 మందిలో దాదాపు సగం మందికి స్టెంటు వేసినట్టు నటించారు. ఆరు వారాల తర్వాత నడక పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 5,179 మందితో 37 దేశాల్లో, మన దేశంతో సహా, జరిగిన ఇస్కీమియా అనే అధ్యయనం ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. అక్కడా మరణాలు తగ్గలేదు. ‘మన రోగులు వేరు’ అన్న మాటకు ఇక చోటు లేదు. అవతలి పక్షానికీ న్యాయం చేయాలి. నొప్పి మందులు ఆపి 301 మందితో చేసిన రెండో ఆర్బిటా, 2023లో, స్టెంటు నొప్పిని నిజంగానే తగ్గిస్తుందని చూపించింది. అంటే నొప్పి కోసం వేయించుకోవచ్చు, ఆయుష్షు కోసమని చెప్పి వేయడమే తప్పు. బావగారికి ఈ ఒక్క తేడా చెప్పి ఉంటే మాత్రలు ఆపేవారు కాదని నా నమ్మకం.

2017లో కేంద్రం మందు పూత ఉన్న స్టెంటు ధరకు 29,600 రూపాయల హద్దు పెట్టింది. మంచి పని. గుండె వైద్యులు సోమరాజు గారు, అబ్దుల్ కలాం గారు కలిసి చవక స్టెంటు కోసం శ్రమించింది ఈ ఊళ్లోనే, అందుకు నాకు గర్వం. కానీ ధర గురించి నెలల తరబడి మాట్లాడుకున్నాం, ఎవరికి అవసరం అన్న ప్రశ్నను బయటికి తేలేదు. ఈ సభలో ఉన్న యువ డాక్టర్లను చేతులెత్తి వేడుకుంటున్నాను. రోగి బల్లమీద ఉండగా సంతకం అడగకండి. ముందురోజు కూర్చోబెట్టి, ‘ఇది నొప్పికా, ప్రాణానికా’ అన్నది తెలుగులో చెప్పండి. వాళ్లు చెప్పకపోతే మీరు అడగండి తల్లీ, మీరు అడగండి బాబూ.

మళ్లీ చెబుతానన్నాను. కూర్చుని ఉన్నా తగ్గని నొప్పి, చెమటలు, చెయ్యికో దవడకో పాకడం, ఇవి గుండెపోటు లక్షణాలు. అప్పుడు నా ప్రసంగం గుర్తు చేసుకోకండి, 108కి ఫోను చేయండి. అక్కడ మూసుకున్న రక్తనాళాన్ని వెంటనే తెరవడం ప్రాణం నిలుపుతుంది, దాని మీద మాకు తగాదా లేదు. గుండెకు రక్తమిచ్చే ఎడమ ప్రధాన ధమని బాగా సన్నబడినవారిని కూడా ఇస్కీమియాలో చేర్చలేదు, వాళ్ల సంగతి వేరు.

మూడో వరుసలో ఫైలు పట్టుకుని నిలబడిన అమ్మగారూ, ముందు మీ ప్రశ్న అడగండి. మైకు ఆవిడకివ్వండి.