రేడియో చదవనన్న మాటలు

మిత్రులకు నమస్కారం.

ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షల లోపే. లైంగికత, జెండర్ విషయాల్లో ఆ దేశం ఎంతో ఉదారమైనదని తరచూ వింటుంటాం. చిన్న దేశం, చదువుకున్న జనం, అందుకే అలా ఉన్నారని సులువుగా తేల్చేస్తాం. నేను ఒప్పుకోను. ఆ దేశమూ ఒకప్పుడు ఒక గాయకుణ్ణి నిలవనీయకుండా చేసింది.

1975లో హోర్దుర్ టోర్ఫాసన్ అనే గాయకుడు ఒక పత్రికతో మాట్లాడుతూ తాను స్వలింగ ప్రేమికుణ్ణని చెప్పాడు. అప్పటికే పేరున్న కళాకారుడు. ఆ ఒక్క మాటతో పని పోయింది, బెదిరింపులు మొదలయ్యాయి. తట్టుకోలేక డెన్మార్క్ వెళ్లిపోయాడు. నిజానికి ఐస్‌లాండ్‌లో స్వలింగ సంబంధాన్ని 1940లోనే నేరాల జాబితా నుంచి తీసేశారు. చట్టం వదిలేసినా చుట్టూ ఉన్నవాళ్లు వదలలేదు. అందరికీ అందరూ తెలిసిన దేశంలో తలదాచుకునే చోటెక్కడ?

అతను తిరిగి వచ్చాడు. 1978లో మరికొందరితో కలిసి సామ్‌తోకిన్ 78 అనే స్వలింగ ప్రేమికుల సంఘం పెట్టాడు. ఆ సంఘం రేడియోలో ప్రకటన ఇవ్వబోతే, 'హొమ్మి' (స్వలింగ ప్రేమికుడు), 'లెస్బియా' (స్వలింగ ప్రేమికురాలు) అన్న మాటలు చదవబోమని ప్రభుత్వ ప్రసార సంస్థ తేల్చి చెప్పింది. అవి వాళ్లు తమకు తాము పెట్టుకున్న పేర్లు! లోకం వాళ్లకు పెట్టిన పేరు 'కిన్‌విల్లా'. కిన్ అంటే లింగం, విల్లా అంటే తప్పు. మనిషి పుట్టుకనే పొరపాటుగా చూపే మాట అది. దాన్ని వాడుక నుంచి తప్పించడానికి ఏళ్లు పట్టింది. తిట్టు కాని పేరు కోసం వెతుక్కోవడం ఎంత నరకమో మన ఊళ్లలోని హిజ్రాలను అడిగితే చెబుతారు.

2008లో ఐస్‌లాండ్ బ్యాంకులు కుప్పకూలాయి. రాజధాని రేక్యవిక్‌లో పార్లమెంటు ఎదుటి మైదానంలో శనివారం శనివారం జనాన్ని కూడగట్టింది ఎవరనుకుంటున్నారు? ఆ హోర్దురే. జనవరి చలిలో జనం వంటింటి గిన్నెలు, గరిటెలు పట్టుకొచ్చి మోగించారు. ప్రభుత్వం కూలింది. 2009 ఫిబ్రవరి 1న యోహన్నా సిగుర్దర్‌దొత్తిర్ ప్రధాని అయ్యారు. తాను స్వలింగ ప్రేమికురాలినని దాచుకోకుండా ప్రభుత్వాధినేత అయిన తొలి వ్యక్తి ప్రపంచంలో ఆమే. మరుసటి ఏడాది జూన్‌లో స్వలింగ వివాహ బిల్లుకు 49 మంది ఓటేశారు, వ్యతిరేకంగా ఒక్కరూ లేరు. చట్టం అమల్లోకి వచ్చిన జూన్ 27నే ప్రధాని తన సహచరి యోనినాను పెళ్లాడారు.

2019 చట్టంతో తన జెండర్ ఏమిటో మనిషి తానే చెప్పుకునే వీలు వచ్చింది. స్త్రీ, పురుషుడు కాని వారికోసం భాషలో 'హౌన్' అనే కొత్త సర్వనామం కూడా చోటు చేసుకుంది. 'వచ్చాడు', 'వచ్చింది' అని విడదీసే మన తెలుగు, 'నేను వచ్చాను' అన్నప్పుడు నువ్వు ఆడా మగా అని అడగదు. 'వారు వచ్చారు'లో వినిపించేది గౌరవమే. ఆ వసతి మన చేతిలో ఎప్పటినుంచో ఉంది.

ఐస్‌లాండ్‌లో పోరాటం ముగిసిందని మాత్రం అనుకోకండి. 2022 ప్రాంతంలో కొందరు కుర్రాళ్లు వీధిలో స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు కనిపిస్తే కుక్కల్లా మొరగడం మొదలుపెట్టారు. సామ్‌తోకిన్ కార్యకర్తలు ఈరోజుకీ బడులకు వెళ్లి పిల్లలతో మాట్లాడుతూనే ఉన్నారు.