సీప్యాప్ వాడితే శ్వాసమార్గంలోని వాపు ఏమవుతుంది?

నమస్కారం. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి పదేపదే ఆగే జబ్బు స్లీప్ ఆప్నియా. దానికి, మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రం మొదలుపెట్టినవారికి సహజంగా కలిగే సందేహం ఒకటుంది: రాత్రంతా వీచే ఈ గాలి శ్వాసమార్గంలోని వాపును తగ్గిస్తుందా, పెంచుతుందా? రెండూ జరగవచ్చు. అయితే తగ్గే చోటు వేరు, పెరిగే చోటు వేరు.

తెరపై ఉన్న బొమ్మలో కొండనాలుక వెనుక భాగాన్ని గమనించండి. నిద్రలో కండరాలు సడలినప్పుడు మూసుకుపోయేది ప్రధానంగా ఇక్కడే. కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగితే దానిని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. ఊపిరి ఆగడం, బాగా తగ్గిపోవడం కలిపి గంటకు సగటున 30 సార్లు లేదా అంతకు మించి జరిగితే జబ్బు తీవ్రమైనదని అర్థం. గురక అదురుకు, మూసుకున్న దారిలోంచి గాలిని లాగే ప్రయత్నానికి గొంతు లోపలి పొర రాత్రంతా నలుగుతుంది. దానికి తోడు రక్తంలో ఆక్సిజన్ పడిపోతూ, మళ్లీ పెరుగుతూ ఉండటం వల్ల కణాలు ఒత్తిడికి లోనై, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపును రేపే పదార్థాలను విడుదల చేస్తాయి. అలా ఉబ్బిన గొంతు మరింత ఇరుకై, మరింత తేలికగా మూసుకుపోతుంది. నా దృష్టిలో చికిత్స అసలు పని ఈ వలయాన్ని తెంచడమే.

1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ బృందం వెల్లడించిన సీప్యాప్ పద్ధతిలో వాపును తగ్గించే మందేమీ లేదు. గొంతు గోడలు కలుసుకోకుండా గాలి ఊతంగా నిలుస్తుంది, అంతే. దారి తెరుచుకొని ఉంటే అదురు, లాగుడు, ఆక్సిజన్ హెచ్చుతగ్గులు ఆగుతాయి కాబట్టి, కొన్ని వారాలు క్రమంగా వాడినవారి గొంతులో ఉబ్బు తగ్గి దారి విశాలమైనట్లు ఎంఆర్ఐ పరీక్షల్లో కనిపించింది. ఒంట్లో వాపు ఉందని సూచించే, రక్తంలోని సీ-రియాక్టివ్ ప్రోటీన్ మాత్రం అందరిలోనూ అలా తగ్గదు. అధిక బరువు కూడా దానిని పెంచుతుంది, యంత్రం బరువును తగ్గించదు కదా.

ఇక ముక్కు సంగతి. నిద్రలో నోరు తెరుచుకుంటే గాలి ముక్కులోంచి లోపలికి వెళ్లి నోటి గుండా బయటికి పోతుంది; తిరుగు ఊపిరిలోని తేమ ముక్కుకు దక్కక, పొర ఎండి, ఎర్రబడి, దిబ్బడ మొదలవుతుంది. అందుకే గాలిని వెచ్చబరచి తేమను కలిపే హ్యుమిడిఫయర్‌ను అమర్చుకోవాలి, మాస్క్ సరిగా కుదిరిందో లేదో చూసుకోవాలి, నోటి నుంచి గాలి పోతూనే ఉంటే నోటినీ ముక్కునూ కలిపి కప్పే మాస్క్ గురించి వైద్యుణ్ణి అడగాలి. పీడనాన్ని సొంతంగా తగ్గించుకోకండి. ముక్కు దిబ్బడ భరించలేక నడిరాత్రి మాస్క్ తీసేస్తే, కలల నిద్ర ఎక్కువగా ఉండి గొంతు మరీ సడలిపోయే తెల్లవారుజామున ఆ ఊతం లేకుండా పోతుంది.